ఆ మిక్చర్ పొట్లం సంచిలో పెట్టెయ్యండి

ముందు నా తప్పు నేనే చెప్పేసుకుంటాను. తరవాత ఎవరో "మీరూ వేశారు కదండీ" అంటే నోట మాట రాకుండా నిలబడడం నాకిష్టం లేదు.

నాలుగేళ్ల కిందట, సంక్రాంతి వెళ్లిన వారం. మా ఒడిశాలో, రంభ దగ్గర చిలికా సరస్సులో పడవెక్కాం. నేను, మా ఆడపడుచు, ఆవిడ కొడుకు. రేవులో ఓ కుర్రాడు చిన్న చిన్న మిక్చర్ పొట్లాలు అమ్ముతున్నాడు, ఒక్కోటి పది రూపాయలు. మనం తినడానికే అనుకున్నాను. "పక్షులకండీ" అన్నాడు. మూడు కొన్నాను. పడవ ఒడ్డు వదిలి కాస్త లోపలికి వెళ్లేసరికి వెనకాల ఇరవై ముప్ఫై సీగల్స్ తగులుకున్నాయి. గుప్పెడు విసిరితే ఒక్క పలుకు నీళ్లలో పడనివ్వవు. గాల్లోనే తల తిప్పి, ముక్కు తెరిచి, టక్కున పట్టేయడం. మేనల్లుడు వరసగా ఫొటోలు తీశాడు. వాటిలో ఒకటి బాగా కుదిరింది: నా చెయ్యి, చెయ్యి వదిలిన బూందీ, దానికోసం మూడు వైపుల నుంచి మూడు తెరిచిన ముక్కులు. వాట్సాప్‌లో ఆ ఫొటోకి వచ్చినన్ని మెచ్చుకోళ్లు నా పెళ్లి ఫొటోకి కూడా రాలేదు.

ఫొటోలో పడనిది ఒకటుంది. రెండో పొట్లం విప్పినప్పుడు రెండు పక్షులు ఒకే పలుకు మీదికి వచ్చాయి. ఒకటి తప్పుకోబోయి, పడవ మీద పందిరి గుడ్డ కట్టిన ఇనప గొట్టానికి తగిలింది. టంగుమంది. అంత చిన్న ఒంటికి అంత చప్పుడా అనిపించింది. నీళ్లలో పడి తేలింది కానీ ఎడమ రెక్క సగం విప్పుకునే ఉండిపోయింది, ముడుచుకోలేకపోతోంది. పడవ ఆగలేదు. నడిపే అతను ఒకసారి వెనక్కి చూసి "కిఛి హెబొ నాహిఁ, మాఉసీ" అన్నాడు. ఏం కాదట. నేనూ ఆపమనలేదు. మూడో పొట్లం విప్పలేదు. ఇంటికొచ్చాక మా ఆయన తిన్నారు.

తరవాత చాలా రోజులు ఒకటే ఆలోచన. అసలు నేనెందుకు విసిరాను? వీధిలో కాకి అరిస్తే గుప్పెడు మిక్చర్ తెచ్చి పొయ్యను కదా. పావురం వచ్చి కిటికీలో కూచుంటే చీపురు పట్టుకుంటాను. సీగల్‌కి మాత్రం పది రూపాయలిచ్చి మరీ పెట్టాను. ఎందుకంటే ప్రతి నవంబర్లో పేపర్లో చదువుతూ పెరిగాను: "విదేశీ విహంగాల విడిది." "చిలికాకు అతిథులొచ్చారు." "సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చిన చుట్టాలు." చుట్టం వస్తే మనమేం చేస్తాం? కాళ్లకి నీళ్లిస్తాం, విస్తరి వేస్తాం, చాలంటున్నా మరో గరిటె వడ్డిస్తాం. అది మన మర్యాద. ఆ మర్యాదే చిలికా నీళ్ల మీద మిక్చరై పడుతోంది.

ఈ వ్యాసంలో నేను అనేది ఒక్కటే. వాటిని అతిథులనడం మానేద్దాం. మాట మానుకుంటే చెయ్యి కూడా ఆగుతుందని నా నమ్మకం. మాటలో ఏముందిలే అనేవాళ్లు కాసేపు ఓపిక పట్టండి.

మొదట ఆ సైబీరియా సంగతి. ఆ రోజు నా మిక్చర్ తిన్నవి బ్రౌన్ హెడెడ్ గల్స్, అంటే గోధుమ రంగు తల సీగల్స్. మా వైపు చలికాలంలో అందరికంటే ముందు కంటబడేవి ఇవే. ఇవి గుడ్లు పెట్టేది సైబీరియాలో కాదు. టిబెట్ పీఠభూమి మీద, మధ్య ఆసియా ఎత్తు ప్రాంతాల సరస్సుల దగ్గర, మన లదాఖ్‌లో. సో మొరీరీ, సో కార్ సరస్సుల పక్కన నేల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. సో మొరీరీ సముద్ర మట్టానికి 4,500 మీటర్ల ఎత్తులో ఉంది. మన రేషన్ కార్డు చెల్లే దేశంలో పుట్టిన పక్షిని పట్టుకుని విదేశీ అనడం ఏమిటి? సైబీరియా నుంచి వచ్చేవి లేవని కాదు. సూదితోక బాతులు ఉన్నాయి, బురదలో పొడుగు ముక్కు గుచ్చి ఏరుకునే నల్లతోక గాడ్విట్లు ఉన్నాయి, బ్లాక్ హెడెడ్ గల్స్, అంటే నల్లతల సీగల్స్‌లో కొన్ని ఉండొచ్చు. కానీ పేపర్లో సైబీరియా ఒక ఊరి పేరులా వాడతారు, పలానా బండెక్కి వచ్చాయన్నట్టు.

దీనికంటే విడ్డూరం మా సరిహద్దుకి అవతల, ఆంధ్రాలో ఉంది. మా ఊరు బరంపురం నుంచి దక్షిణంగా వెళ్తే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి ఊరొస్తుంది. ఇంకా కిందికి వెళ్తే టెక్కలి దగ్గర తేలినీలాపురం. తేలుకుంచి చెట్ల మీద వానాకాలంలో నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. ముక్కు మూసినా మధ్యలో చిన్న సందు మిగిలి ఉంటుంది చూడండి, ఆ కొంగలు. తేలినీలాపురంలో చలికాలంలో గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు. ఈ మూడు జాతుల్లో ఒక్కటీ జన్మలో సైబీరియా మొహం చూడలేదు. మన వరి మళ్లల్లో నత్తలు, మన చెరువుల్లో చేపలు తిని, మన చింతచెట్ల మీద పిల్లల్ని కని పెంచుకునే పక్షులవి. అయినా రోడ్డు మీద ఎవరినడిగినా "సైబీరియా పచ్చులండీ" అంటారు. తెల్లగా, పెద్దగా, అందంగా ఉంటే అది మనది కాదని మనకో అపనమ్మకం. వెనకటికి తెల్లదొరల పాలనలో పట్టిన జబ్బేమో.

ఆ ఊళ్లలో జరిగేదొకటి నేను కళ్లారా చూశాను, దాన్ని నా వాదనకే వాడుకుంటాను. తేలినీలాపురంలో ఆ పక్షులొస్తే శుభమని జనం నమ్ముతారు. ఆ నమ్మకం ఉన్నవాళ్లెవరూ వాటికి మేత వెయ్యరు. మరేం చేస్తారు? భరిస్తారు. చింతచెట్టు కింద నిలబడి చూడండి. పైనుంచి సున్నం చల్లినట్టు రెట్టలు, కుళ్లిన చేపల కంపు, పొద్దస్తమానం పిల్లల గోల. జారిపడిన చేపల కోసం కుక్కలు. కొమ్మ కొట్టరు, టపాసు పేల్చరు, బట్టలారేసుకునే చోటు మార్చుకుంటారు. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లతో ఎలా ఉంటాం? ఆవిడ చుట్టం కాదు, ఇల్లు ఆవిడది కూడా. పిల్ల ఏడుస్తుంది, ఇల్లు కంపు కొడుతుంది, నిద్రుండదు, ఎవరూ ఏమీ అనరు. ఈ వరస నాకు నచ్చింది.

ఇక మా సీగల్ దగ్గరికి వస్తాను. రంభలో ఆ సంగతి జరిగాక నేను ఆదివారాలు పొద్దున్నే గోపాలపూర్ వెళ్లడం మొదలుపెట్టాను. బరంపురం నుంచి 16 కిలోమీటర్లు, బస్సుంది. చేతిలో ఏమీ తినేది లేకుండా వెళ్లి కూచోవాలన్నది ప్రాయశ్చిత్తం లాంటిది. (ఫ్లాస్కులో టీ మినహాయింపు.) మొదటి నెల పరమ విసుగు. మేత లేకపోతే సీగల్ మన మొహం చూడదు. తడి ఇసక మీద నలభై యాభై ఒకే దిక్కుకి, గాలికి ఎదురుగా మొహాలు పెట్టి కూచుని ఉంటాయి. నేనూ కూచునేదాన్ని. ఎవరో పెళ్లికి ముందే వచ్చి వరసలో కుర్చీలాక్కున్నట్టుండేది.

రెండో నెల నుంచి తేడాలు పట్టాయి. పేరు గోధుమ తల అయినా డిసెంబర్లో ఆ తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గర కాటుక చుక్క పెట్టినట్టు ఒక మచ్చ, అంతే. దిష్టిచుక్కలా. పక్కనే బ్లాక్ హెడెడ్ గల్ కూచుంటే దానికీ అదే చుక్క. ఎలా తెలుస్తుంది? కంట్లో చూడాలి. గోధుమతలది పెద్ద పక్షి అయితే కనుపాప పాలిపోయి లేత పసుపుగా ఉంటుంది, అందుకే అదెప్పుడూ కోపంగా ఉన్నట్టుంటుంది. రెండోదాని కన్ను నల్లగా, అమాయకంగా. లేచి ఎగిరితే ఇంకా సులువు: గోధుమతలకి రెక్క కొసలు నల్లగా, ఆ నలుపులో తెల్లటి అద్దాల బిళ్లలు కుట్టినట్టు మచ్చలు. రెండోదానికి రెక్క ముందంచు పొడుగునా తెల్లగా గీత. తోక చివర నల్లపట్టీ, రెక్కల మీద గోధుమ మరకలు ఉంటే అది కిందటి ఎండాకాలం పుట్టిన పిల్ల. అంటే పుట్టిన నాలుగైదు నెలలకే హిమాలయాలు దాటి మా ఊరి ఒడ్డుకొచ్చింది. నాలుగైదు నెలలకి మా వాడు బోర్లా పడితే వీధంతా చెప్పుకున్నాను.

ఫిబ్రవరి దాటితే అసలు తమాషా. తలకి రంగు దిగుతుంది. ఒకేసారి కాదు. ఒకదానికి మొహమంతా కాఫీపొడి చల్లినట్టు, ఇంకోదానికి నుదురు తెల్లగానే ఉండి చెంపలు మాత్రం ముదిరి, మరోదానికి అప్పుడే పూర్తిగా ముసుగేసినట్టు. ఒకే వరసలో మూడు నెలల కాలం పక్కపక్కన కూచుని ఉంటుంది. అన్నట్టు బ్లాక్ హెడెడ్ అనే దాని తల కూడా నలుపేం కాదు, చాక్లెట్ రంగు. పేర్లు పెట్టినవాళ్లు ఏ చీకట్లో చూశారో. నిజంగా నల్లతల కావాలంటే పల్లాస్ గల్ చూడాలి. బాతంత ఉంటుంది, పసుపు ముక్కు చివర ఎరుపూ నలుపూ పట్టీ, కంటి పైనా కిందా తెల్ల రెప్పలు. అది దిగిందంటే మిగతావి జరిగి చోటిస్తాయి, పెద్దమనిషి రాకలాగే.

ఒక పొద్దున ఒకటి నాకు పది అడుగుల దూరంలో నిలబడింది. ముక్కు చివర ఒక నీటి చుక్క వేలాడుతోంది. తల విదిలించింది, చుక్క పోయింది. కాసేపటికి మళ్లీ చుక్క. జలుబు చేసిందనుకున్నాను, నవ్వకండి. తరవాత తెలిసింది, సీగల్ పుర్రెలో కళ్ల పైన ఉప్పు వడకట్టే గ్రంథులుంటాయి. సముద్రపు నీళ్లే తాగేసి, ఎక్కువైన ఉప్పుని ముక్కు రంధ్రాల్లోంచి చిక్కటి ఉప్పునీళ్లుగా వదిలేస్తుంది. అందుకని మిక్చర్ వెయ్యొద్దనేవాళ్లు "ఉప్పు ఎక్కువ" అని వాదిస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఉప్పు సంగతి అది చూసుకోగలదు. నూనెలో వేగిన శనగపిండితో కడుపు నింపుకున్న పక్షి ఆ పూట చేప పట్టదు, అదీ ఇబ్బంది. మార్చిలో టిబెట్ దాకా ఎగరాల్సిన ఒళ్లు బూందీతో కట్టుకునేది కాదు.

గోపాలపూర్ ఒడ్డున వేటకి వెళ్లేవాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. ఒడియా వాళ్లు నోలియాలంటారు. మా బరంపురం తెలుగుకీ వాళ్ల తెలుగుకీ మధ్య ఒక గోదావరి పారుతుంది. అలివి వల లాగే రోజు నేను పక్కనే ఇసకలో కూచుంటే ఒక పెద్దాయన అడిగాడు.

"ఏటమ్మా, ఏటి సూస్తన్నావు రోజూ?"

"ఆ తెల్లపిట్టల్ని, తాతా. వాటిని మీరేమంటారు?"

"తెల్లపిట్టలనే అంతాం. మరేటంతాం?"

ఇంకా పెద్ద పేరేదో దొరుకుతుందని నోటు పుస్తకం తీశాను, అలాగే మూసేశాను. ఆయనే మళ్లీ చెప్పాడు, పిట్టలు నీళ్లమీద ఒకేచోట దిగి లేస్తుంటే కింద కవ్వళ్లో నెత్తళ్లో, ఏవో చేపలు ఉన్నట్టేనట, పడవ అటు తిప్పుతారట. వల ఒడ్డుకి చేరగానే జరిగింది నేను చూశాను. ఆడవాళ్లు చేపలు ఏరుతున్నారు, పనికిరాని చిన్నవి పక్కన పడుతున్నాయి, సీగల్స్ వాటిని తీసుకుపోతున్నాయి, కాకులు సీగల్స్ దగ్గర లాక్కుంటున్నాయి. ఒక గరుడపక్షి పైనుంచి వచ్చి అందరి దగ్గరా లాక్కుంది. ఎవరూ ఎవరికీ పెట్టడం లేదు. ఎవరి పని వాళ్లు చేసుకుంటుంటే ఇంకొకళ్లకి మిగులుతోంది. ఒకావిడ బుట్ట మీదికొచ్చిన సీగల్‌ని "సీ, పో" అని కొంగుతో కొట్టింది కూడా. చుట్టాన్ని ఎవరైనా కొంగుతో కొడతారా?

అవి ఎంత కాలం ఉంటాయో లెక్క వేశాను, నా పుస్తకంలో ఉన్న తేదీల ప్రకారమే. దసరా, దీపావళి మధ్య మొదటివి కనబడతాయి. మార్చి నెలాఖరుకి పలచబడి, ఏప్రిల్ మధ్యకి దాదాపు ఖాళీ. అంటే దగ్గర దగ్గర ఆరు నెలలు. పుట్టిన సరస్సు దగ్గర ఉండేది మహా అయితే నాలుగైదు నెలలు, మిగతాది దారి. ఆర్నెల్లు మన ఊళ్లో ఉండి, మన ఊళ్లోనే తిని, మన తుపాన్లు తట్టుకునే ప్రాణిని చుట్టం అంటామా? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, ఇవి దిగే రోజుల్లోనే.

మనకి దీనికో మంచి మాట ముందే ఉంది. వలస. గంజాం జిల్లాలో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. సూరత్ మగ్గాల్లో మనిషి లేని ఊరు ఇక్కడ వెతుక్కోవాలి. ఆ కుర్రాళ్లు ఏడాదిలో ముప్పావు వంతు అక్కడ, పండక్కీ పెళ్లికీ ఇక్కడ. సూరత్ వాళ్లని అతిథులని పిలిచి విస్తరేసిందని నేను వినలేదు. అక్కడ పనుంది, తిండుంది, అందుకు వెళ్తారు. లదాఖ్ సరస్సు గడ్డకట్టుకుపోతే చేప పట్టే పని అక్కడుండదు, అందుకు ఇవి వస్తాయి. ఇక్కడ మా బరంపురం తెలుగువాళ్ల పోలిక తేవాలని నాకు చెయ్యి దురద పెడుతోంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడితే మా తాత ఇంటి గడప అంగుళం కదల్లేదు, సరిహద్దే కదిలింది. అయినా ఇప్పటికీ "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు" అని అడుగుతారు. ఆ పోలిక మాత్రం తేను. పక్షిది పక్షి కథ.

మా మేనల్లుడితో దీని మీద యుద్ధమే జరిగింది. వాడి దగ్గర మూరెడు లెన్సుంది, ఫోన్లో చూసిన పక్షుల లెక్క రాసుకునే ఈబర్డ్ ఉంది, కొత్త జాతి కనబడితే "లైఫర్ అత్తా!" అని కేకేస్తాడు. వాడి వాదన: "నువ్వు వెయ్యకపోతే పక్క పడవ వేస్తుంది. పిల్లలు దగ్గరగా చూస్తేనే ప్రేమ పుడుతుంది. పైగా ఆ పొట్లాలమ్మే కుర్రాడు ఏం తినాలి?" మొదటి రెంటికీ నా దగ్గర కోపం తప్ప జవాబు లేదు. మూడోది మాత్రం నిజమైన ప్రశ్న. రేవులో పది రూపాయల పొట్లం అమ్మే కుర్రాడి రోజు కూలి మీద, బ్యాంకు పింఛను తీసుకునే నేను నీతులు చెప్పకూడదు.

దానికి నాకు దొరికిన జవాబు చిలికా ఉత్తరపు కొసన ఉంది, మంగళాజోడి. ఒకప్పుడు ఆ ఊళ్లో పక్షుల వేట పెద్ద ఆదాయం, సంచులకి సంచులు అమ్మేవాళ్లు. ఆ వేటగాళ్లలో చాలామంది తరవాత కాపలాదార్లయ్యారు, ఇప్పుడు పడవలు నడుపుతారు. మోటారు లేదు, గెడ వేసి తోస్తారు. పొట్లం లేదు. గాడ్విట్ల గుంపు మన పడవకి ఆరేడు గజాల దూరంలో బురదలో ముక్కు గుచ్చుకుంటూ ఉంటుంది, తలెత్తదు. ఒక్కరూ చప్పుడు చెయ్యరు, అందుకే. ఏ పక్షి ఏ గడ్డిలో నక్కుతుందో తెలిసిన మనిషికి మనం డబ్బిస్తాం. వేటగాడి చదువే అది, ఇటు తిరిగింది. రంభలో ఆ కుర్రాడికి మిక్చర్ పొట్లం బదులు ఈ చదువుకి డబ్బు రావాలంటాను. ఎలా వస్తుందంటే, పొట్లం కొననివాళ్లం అతన్ని కూడా పడవలో ఎక్కించుకుని, ఎక్కువిచ్చి, "ఇంజిను ఆపించు, పేర్లు చెప్పు" అని అడగాలి. నేను అడిగాను. మొదటిసారి పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. మూడోసారికి నల్లకన్ను పక్షిని నాకంటే ముందే చూపించాడు.

ఇంకొకటుంది, ఇది చెబితే మేనల్లుడు కాస్త తగ్గాడు. 2005లో చైనాలోని చింఘాయ్ సరస్సు దగ్గర బర్డ్ ఫ్లూతో ఆరు వేలకి పైగా నీటిపక్షులు చచ్చిపోయాయి. ఏవేవి? పట్టీతల బాతులు, గోధుమతల సీగల్స్, పల్లాస్ గల్స్, రడ్డీ షెల్‌డక్ అనే బాతులు, పెద్ద నీరుకాకులు. ఆ జాబితా చదివితే మన చిలికా జనవరి లెక్కలా ఉంటుంది. 2020 డిసెంబర్ చివర హిమాచల్‌లోని పాంగ్ డ్యాం దగ్గర మళ్లీ అదే, దాదాపు అయిదు వేలు, ఎక్కువగా పట్టీతల బాతులే. చిలికాలో 2025 జనవరిలో లెక్కపెట్టిన పక్షులు 11 లక్షలు దాటాయి. అవి ఎక్కడికక్కడ విడిగా తింటే ఒక సంగతి. పడవ వెనక ఒకే గుప్పెడు మీద ముప్ఫై ముక్కులు పడితే, ఒకదాని ఉమ్ము ఇంకోదాని నోట్లో పడితే మరో సంగతి. మన పిల్లల చేతులూ అక్కడే ఉంటాయి.

నిజంగా వాటికి పెట్టాలనుకుంటే పెట్టిన చరిత్ర ఒకటుంది, అది మాత్రం గొప్పది. తొంభైల్లో చిలికాకి సముద్రంతో ఉన్న దారి పూడుకుపోయింది. ఉప్పు తగ్గింది, నాచూ గడ్డీ కమ్మాయి, చేప పడిపోయింది. చిత్తడి నేలల్ని కాపాడే రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద 1981లో రాజస్థాన్‌లోని కేవలాదేవ్‌తో పాటు మన దేశంలో మొదటగా పేరుకెక్కిన చిలికా, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేరింది. 2000 సెప్టెంబర్‌లో సిపకుడా దగ్గర ఇసక కోసి సముద్రానికి కొత్త ముఖం తెరిచారు. ఉప్పునీళ్లు లోపలికొచ్చాయి, చేపా రొయ్యా పీతా పెరిగాయి, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. అన్ని లక్షల పక్షులకి అది విస్తరి. కోసిన కాలువలో ఎవరి ఫొటో పడలేదు, అదే దాని లోటు.

సీగల్ మంచిదని నేననడం లేదు, ఇది కూడా చెప్పాలి. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో వెళ్లండి. 2025లో దాదాపు ఏడు లక్షలొచ్చాయి. అంత జాతరలో ఒకటి పెట్టిన గూడుని ఇంకొకటి తవ్వేస్తుంది, గుడ్లు పైకి తేలతాయి. పొద్దున వెలుగు రాగానే సీగల్స్, కాకులు, కుక్కలు. నా కళ్లముందే ఒక ముసుగేసిన సీగల్ తెల్లటి గుడ్డుని పొడిచింది. పెంకు తోలులా మెత్తగా ఉంటుంది కదా, నొక్కుకుపోయి జారింది, మళ్లీ పొడిచింది. నాలుగో పోటుకి పసుపు కారింది. ముక్కు ఎత్తి అటూ ఇటూ చూసి, ఇసక అంటిన పచ్చసొన మింగింది. పక్కన తాబేళ్ల కోసం వచ్చిన ఒకాయన "ఛీ, ఛీ" అని తోలాడు. అదే మనిషి చిలికాలో బూందీ విసిరి ఉంటాడనుకుంటాను. అతిథి అన్నప్పుడు ముద్దు, దొంగ అన్నప్పుడు అసహ్యం. రెండు చోట్లా అదే ముక్కు, అదే ఆకలి.

మేనల్లుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు పూర్తిగా. కానీ ఈ ఏడు వాడు నాతో గోపాలపూర్ నాలుగుసార్లు వచ్చాడు, లెన్సు లేకుండా ఒకసారి. ఆ రోజే సాండర్లింగులనే చిన్న ఒడ్డుపిట్టలు అల వెనక్కి తగ్గగానే చీమల్లా దిగి, అల రాగానే అంతే జోరుగా పైకి పరిగెత్తడం చూసి "వీటికి కాళ్లు తడవకూడదని మొక్కు ఏమైనా ఉందా అత్తా" అన్నాడు. తడుస్తాయి, ఊరికే అలా ఉంటుంది.

మొన్న మే నెల రెండో ఆదివారం వెళ్లాం. ఎండ ఏడింటికే చురుక్కుమంటోంది. ఒడ్డు ఖాళీ. అందరూ వెళ్లిపోగా ఒక్క పిల్ల సీగల్ మిగిలి ఉంది. రెక్కల మీద మరకలు ఎండకి వెలిసి గోనెపట్టాలా అయ్యాయి, తల మీద రంగు అక్కడక్కడా. గుడ్లు పెట్టే వయసు రాని పిల్లలు కొన్ని ఇలా ఎండాకాలం ఇక్కడే ఉండిపోతాయి. నేను ముందు దాని ఎడమ రెక్క చూశాను. బాగానే ముడుచుకుంది. అది రంభ పక్షి కాదని, నాలుగేళ్ల కిందటి దానికి ఇప్పుడు మరకలుండవని నాకు తెలుసు. అయినా చూశాను.

ఒక చిన్న బాబు వాళ్లమ్మ చేతిలోని మురీ (మరమరాల) పొట్లంలోంచి గుప్పెడు తీసి దానివైపు విసిరాడు. నేను నోరు తెరవబోయాను, మేనల్లుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. మురీ గాలికి సగం వెనక్కే వచ్చింది. సీగల్ ఒకసారి తల తిప్పి చూసి, మళ్లీ గాలికెదురుగా మొహం పెట్టుకుంది. కాకులొచ్చాయి.

"అమ్మా, కాకులు తినేస్తున్నాయి!" అని ఏడుపు లంకించుకున్నాడు ఆ బాబు.